మాట పడిపోకముందే

తలకు నూనె పట్టించి స్నానం చేయించడం, ఆ తర్వాత చల్లటి కొబ్బరినీళ్ళు తాగించడం మన ఇళ్ళలో ప్రేమతో చేసే పనులు. తమిళనాడులోని మా విరుదునగర్ జిల్లాలోనూ చుట్టుపక్కలా కొన్ని ఊళ్ళలో మంచాన పడ్డ ముసలివాళ్ళను సాగనంపడానికి ఈ రెంటినే వాడారు. తలైకూత్తల్ అంటారు దాన్ని. 2010లో ఎనభై ఏళ్ళ పెద్దాయన ఒకరు తన భూమిని ఎలా పంచుకోవాలో ఇంట్లోవాళ్ళు మాట్లాడుకోవడం విన్నారు. తనకేం జరగబోతోందో అర్థమై, చుట్టాల ఇంటికి పారిపోయి తలదాచుకున్నారు. ఆ తర్వాతే పత్రికలు ఈ సంగతిని గట్టిగా పట్టించుకున్నాయి. ప్రియా కృష్ణస్వామి తీసిన 'బారం' సినిమా కథ ఈ తలైకూత్తల్ గురించే. 2018 సంవత్సరానికి ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది.

రాజపాళయానికి దక్షిణాన ఉన్న చోళపురంలో కూర్చుని ఈ మాటలు రాయడం తేలిక కాదు. ఇళ్ళలో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకునే ప్రాంతం మాది. పెద్దవాళ్ళంటే మర్యాద ఉన్న ప్రాంతం. అయినా రాయాలి. పేదరికం పేరుతో చేసినా, 'ఆయన బాధ చూడలేక' అన్న పేరుతో చేసినా చట్టం దృష్టిలో అది హత్యే. నా దృష్టిలోనూ అంతే.

ఇక రెండో దృశ్యం చూడండి. పెద్దాయనకు ఊపిరి అందడం లేదు. అంబులెన్సులో రాజపాళయం, అక్కణ్ణుంచి మదురై. తెల్లారేసరికి గొంతులో గొట్టం, ముక్కులో గొట్టం, వాటిని పీకేసుకోకుండా మణికట్టుకు చుట్టి మంచం కడ్డీకి కట్టిన గాజుగుడ్డ. ఆ గుడ్డ మా పక్కనున్న చత్రపట్టి మగ్గాల మీద నేసిందే అయ్యుండొచ్చు, బ్యాండేజీ గుడ్డకు పేరుపడ్డ ఊరది. పది రోజులైనా కళ్ళు తెరవడు. బయట వరండాలో ముగ్గురు కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. డాక్టరు వచ్చి "ఏం చేద్దామంటారు?" అని అడిగితే ముగ్గురూ మూడు దిక్కులు చూస్తారు.

మొదటి ఇంట్లో తొందరపడి పంపేశారు. రెండో ఇంట్లో పోనివ్వడం లేదు. పైకి ఉత్తరం దక్షిణంలా కనిపించినా రెండు ఇళ్ళలోనూ జరగని పని ఒకటే. ఆ మనిషిని ఎవరూ అడగలేదు.

వ్యక్తిత్వ వికాసం అంటే నలుగురిలో బెదరకుండా మాట్లాడటం, ఇంటర్వ్యూలో నెగ్గడం అనుకుంటాం. సంతోషం, అవీ కావాలి. కానీ కన్నతండ్రి ఎదురుగా కూర్చుని, "నాన్నా, నీకు చివర్లో బాగా జబ్బుచేసి మాట పడిపోతే మమ్మల్ని ఏం చేయమంటావు?" అని గొంతు వణక్కుండా అడగగలిగిన వాడి ధైర్యం వేరు. అది నేర్చుకుంటే వస్తుంది. నేర్చుకోక తప్పదని కూడా నా నమ్మకం.

అశుభం అంటారా? మహాభారతం చదివిన జాతి మనది. అంపశయ్య మీద పడ్డ భీష్ముడి దగ్గరికి దుర్యోధనుడు శస్త్రవైద్యుల్ని తీసుకొచ్చాడు. బాణాలు పీకడంలో ఆరితేరినవాళ్ళు, సరంజామాతో సహా వచ్చారు. భీష్ముడు వాళ్ళను తగినట్టు సత్కరించి పంపెయ్యమన్నాడు. అలాగని అన్నీ వద్దనలేదు. తల వేలాడుతోంది, తలగడ కావాలన్నాడు. దాహమవుతోంది, నీళ్ళు కావాలన్నాడు. వద్దన్నదీ ఆయనే, కావాలన్నదీ ఆయనే. చుట్టూ నిలబడ్డ కౌరవులూ పాండవులూ అంతవరకు కత్తులు దూసుకున్నవాళ్ళే అయినా ఆ విషయంలో వాళ్ళకు తగవు రాలేదు. తాత తన నోటితో చెప్పాడు కాబట్టి.

మరి ఎలా అడగాలి? ఆసుపత్రి మంచం పక్కన మాత్రం వద్దు. రిపోర్టు చేతికొచ్చిన రోజూ వద్దు. ఎవరింట్లోనో పరామర్శకు వెళ్ళి వచ్చిన సాయంత్రం మంచి సమయం. "వాళ్ళ నాన్నను నెలరోజులు మిషన్ మీదే ఉంచారట. నాకే అలాగైతే అన్ని రోజులు వద్దంటాను నాన్నా. నువ్వేమంటావు?" అని మీ సంగతి ముందు చెప్పండి. మీరు తలుపు తీస్తే ఆయన లోపలికి వస్తారు. మొదటిసారి "ఛ, ఏం మాటలవి" అని కసురుకుంటారు. సరే అని ఊరుకోండి. పది పదిహేను రోజులు పోనిచ్చి మళ్ళీ ఎత్తండి. రెండోసారి ఎత్తినప్పుడు వీడు ఊరికే అడగడం లేదని ఆయనకు తెలుస్తుంది.

వెంటిలేటర్ కావాలా వద్దా అని అడిగితే ఎవరికైనా తికమకే. ఆయనకు తెలిసిన సంగతులు అడగండి. ఇంట్లో పోవాలనుందా, ఆసుపత్రిలోనైనా ఫరవాలేదా? మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితిలో ఏళ్ళ తరబడి ఉండటం సమ్మతమేనా? మనవరాలి పెళ్ళి దాకా ఎంత కష్టమైనా సరే బతికించమంటారా? నొప్పి అంటే భయమా, ఇంకొకరి మీద ఆధారపడటం అంటే భయమా? మీ తరపున ఎవరు మాట్లాడాలి? ఈ చివరి ప్రశ్న వదలొద్దు. పెద్దకొడుకే మాట్లాడాలన్న నియమం ఏమీ లేదు. రోజూ పక్కన ఉండి చూసుకునే కోడలు కావచ్చు, కూతురు కావచ్చు.

అమ్మల దగ్గర ఇంకొంచెం ఓపిక పట్టాలి. "మీ ఇష్టం రా", "మీ నాన్న ఎలా అంటే అలా" అంటారు. బతుకంతా ఎవరూ అడగని మనిషి ఒక్కసారిగా అడిగితే ఏం చెబుతుంది? ఆమెను ఒక్కర్తినే కూర్చోబెట్టి, నాన్న లేనప్పుడు, వంటింట్లోనో పెరట్లోనో అడగండి. ఆమె చెప్పే జవాబు నాన్న చెప్పినదానికి పూర్తి వేరుగా ఉండొచ్చు. ఉండనివ్వండి.

ఇక్కడొక జాగ్రత్త. "ఆ దేవుడు నన్నింకా ఎందుకు ఉంచాడో", "నేను పోతే మీకు పీడా విరగడవుతుంది" అనే మాటల్ని కోరికగా లెక్కపెట్టొద్దు. వాటి వెనక చాలాసార్లు మోకాలి నొప్పో, నిద్రలేని రాత్రులో, మూడు రోజులుగా ఎవరూ పక్కన కూర్చోకపోవడమో ఉంటుంది. కుంగుబాటు ముసలితనంలోనూ వస్తుంది, దానికి మందులున్నాయి. ముందు నొప్పి తగ్గించండి, డాక్టరుకు చూపించండి, దగ్గర కూర్చోండి. మనసు తేలికపడ్డాక అప్పుడు అడగండి. భారమయ్యానన్న భయంతో ఒప్పుకునే పెద్దవాళ్ళను చూసి 'ఆయనే వద్దన్నాడు' అని సరిపెట్టుకుంటే అది తలైకూత్తల్‌కు చదువుకున్న రూపమే. ఎవరైనా పెద్దవాళ్ళకు ఇంట్లోనే ముప్పు ఉందని మీకనిపిస్తే 14567కు ఫోన్ చేయండి. పెద్దల కోసం దేశమంతా పనిచేస్తున్న ఉచిత సహాయ నంబరు అది.

సరే, అడగకుండానే ఆ రోజు వచ్చేసింది. ఐసీయూ బయట ఉన్నారు. ఏం చేయాలి?

వెంటిలేటర్ అనగానే ఇక అయిపోయిందని కూలబడకండి. పాము కరిచి, న్యుమోనియా ముదిరి, నాలుగు రోజులు మిషన్ మీద ఉండి లేచి ఇంటికి నడిచొచ్చినవాళ్ళు ఎందరో. మిషన్ ఊపిరి పోస్తుంది, జబ్బును నయం చేయదు. జబ్బు తగ్గే వీలుంటే ఆ లోపు ప్రాణం నిలబెడుతుంది. తగ్గే వీలు లేకపోతే చావును సాగదీస్తుంది. కాబట్టి డాక్టరును అడగాల్సింది "బతుకుతారా" అని మాత్రమే కాదు. "తేరుకుంటే ఎలా ఉంటారు? మంచం దిగుతారా? మమ్మల్ని గుర్తుపడతారా? తన చేత్తో తింటారా? మీ నాన్నగారికే ఇలా అయితే మీరేం చేస్తారు?" అని అడగండి. వెంటనే తేల్చలేని పరిస్థితి అయితే గడువు పెట్టుకోండి. మూడు రోజులు పూర్తి వైద్యం చేద్దాం, కిడ్నీ, మెదడు ఎలా ఉన్నాయో చూసి మళ్ళీ కూర్చుందాం అని డాక్టరుతో ముందే మాట అనుకోవడం ఎంతో మేలు. మొదలుపెట్టాక ఆపడం మహాపాపమనీ, అసలు మొదలే పెట్టకపోతే పాపం లేదనీ చాలామంది నమ్ముతారు. వైద్య నీతి ఈ రెంటికీ తేడా చూడదు. తేడా ఉందని భయపడితే ఇంకో నష్టం ఉంది. ఆపలేమేమోనని అసలు ప్రయత్నమే చేయకుండా, బతికే మనిషిని వదులుకుంటాం.

వరండాలో కూర్చున్న కొడుకు తనను తాను అడుగుతున్న ప్రశ్న "నాన్నను నేను ఎలా వదులుకోను?" అని. అది కొడుకు ప్రశ్న. అక్కడ అడగాల్సింది తండ్రి ప్రశ్న: "ఈ గదిలో తన పరిస్థితి తనే చూసుకోగలిగితే నాన్న ఏమనేవాడు?" ఈ రెంటినీ విడదీయగలగడమే మనిషి ఎదుగుదల. ఎంత కష్టమో తెలుసు. అయినా ప్రేమ అంటే మన దుఃఖాన్ని కాసేపు పక్కనబెట్టి ఎదుటివాడి కళ్ళతో చూడటమే కదా.

దూరాన ఉన్న బిడ్డ సంగతి కూడా చెప్పాలి. నాలుగేళ్ళుగా రాలేని అబ్బాయి విమానం దిగి తిన్నగా ఐసీయూకొచ్చి "అన్నీ చేయండి, డబ్బుకు వెనకాడొద్దు" అని డాక్టర్ల మీద అరుస్తాడు. ఇది మన ఇళ్ళకే పట్టిన జబ్బు కాదు. అమెరికా వృద్ధవైద్య పత్రికలో 1991లోనే దీని గురించి రాశారు, 'కాలిఫోర్నియా నుంచి వచ్చిన కూతురు' అని పేరు పెట్టారు. కాలిఫోర్నియా డాక్టర్లేమో న్యూయార్క్ నుంచి వచ్చిన కూతురంటారట. ఆ అరుపు వెనక ఉన్నది దగ్గర లేకపోయానన్న అపరాధభావం. అతనితో వాదించకండి. కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, గత ఆరు నెలలూ నాన్న ఎలా ఉన్నాడో, ఏమేం అన్నాడో రోజువారీ సంగతులు చెప్పండి. మీరే దూరాన ఉన్న బిడ్డ అయితే ఈ వారమే ఫోన్ చేసి ఇప్పటినుంచే ఆ సంభాషణలో చేరండి.

డబ్బు మాటకొస్తే, దాన్ని దాచొద్దు. పొలం అమ్మాలా, అప్పు చేయాలా అన్నది సిగ్గుపడాల్సిన ప్రశ్న కానే కాదు. కానీ 'డబ్బు అయిపోయింది' అన్నదీ, 'వైద్యం ఇక పనిచేయదు' అన్నదీ రెండు వేరు కారణాలు. మొదటిదానికి రెండోదాని ముసుగు వేయకూడదు. మొదటిదైతే ముఖ్యమంత్రి బీమా పథకం ఉందా, ప్రభుత్వాసుపత్రికి మార్చొచ్చా అని వెతకాలి. రెండోదైతే ఎంత డబ్బున్నా ఆగాలి.

ఇక మన తరపున మాట్లాడే మనిషి సంగతి. 2004 డిసెంబరులో హైదరాబాదులో ఒక తల్లి చేసిన పని నా మనసులోంచి పోదు. కె. వెంకటేష్ అనే చదరంగం ఆటగాడు, 25 ఏళ్ళవాడు, కండరాలు క్షీణించే జబ్బుతో వెంటిలేటర్ మీద ఉన్నాడు. తనిక బతకనని అతనికి తెలుసు. అవయవాలు పాడయ్యేలోపు తీసి ఎవరికైనా ఇవ్వాలని, అందుకోసం తన ప్రాణం ముందే పోనివ్వాలని కోరాడు. తల్లి సుజాత ఆ కోరికను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా తీసుకెళ్ళారు. బ్రెయిన్ డెడ్ కాకుండా అలా అవయవాలు తీయడానికి చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. డిసెంబరు 17న అతను కన్నుమూశాడు. కోర్టు చెప్పింది సరైనదేనని నేననుకుంటాను. బతికున్న మనిషి అవయవాలకోసం ప్రాణం తీసే దారి ఒక్కసారి తెరుచుకుంటే దాని చివర ఎవరుంటారో మా జిల్లావాళ్ళకు చెప్పనక్కర్లేదు. కానీ ఆ తల్లిని చూడండి. కొడుకును వదులుకోవడం ఇష్టమై ఆమె కోర్టుకెక్కిందా? అతని మాటను అతని మాటగానే మోసింది. మీ తరపున మాట్లాడేవారిని ఎంచుకునేటప్పుడు ఇలా మోయగలిగిన మనిషి ఎవరో చూసుకోండి.

మాట చెప్పే వీలు లేకుండా పోయిన మనిషి కథ ముంబైలో జరిగింది. కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ 1973 నవంబరులో దాడికి గురై, మెదడు దెబ్బతిని, దాదాపు 42 ఏళ్ళు అదే ఆసుపత్రిలో ఉండిపోయింది. ఆమెను పోనివ్వమని రచయిత్రి పింకీ విరానీ సుప్రీంకోర్టుకెళ్ళారు. కన్నబిడ్డలా చూసుకున్న నర్సులు వద్దన్నారు. 2011 మార్చి 7న కోర్టు నర్సుల వైపు నిలబడింది. ఆ తీర్పులోనే, కోలుకోలేని మనిషికి ప్రాణాధార చికిత్సను హైకోర్టు అనుమతితో ఆపే దారి తొలిసారి ఏర్పడింది. ఇరుపక్షాలూ ఆమెను ప్రేమించినవాళ్ళే. ఆమె ఏం కోరుకునేదో మాత్రం ఏ పక్షానికీ తెలియదు.

ఇప్పుడు చట్టం తేటపడింది. 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా చనిపోవడం జీవించే హక్కులో భాగమేనని చెప్పి, మాట పడిపోతే ఏ వైద్యం కావాలో ఏది వద్దో ముందే చెప్పే ముందస్తు వీలునామా రాసుకోవడాన్ని ఒప్పుకుంది. మందిచ్చి చంపడం ఇప్పటికీ నేరమే. పనిచేయని వైద్యాన్ని ఆపి, జబ్బును తన దారిన పోనివ్వడం వరకే అనుమతి. అప్పటి నియమాలు మరీ చిక్కుగా ఉండటంతో 2023 జనవరి 24న కోర్టే వాటిని సడలించింది. మెజిస్ట్రేటు సంతకం అక్కర్లేదు. 18 ఏళ్ళు నిండి, మనసు స్థిమితంగా ఉన్నవారెవరైనా ఇద్దరు సాక్షుల ముందు రాసి, నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరింపజేసుకుంటే చాలు. మీ తరపున మాట్లాడేందుకు ఒకరికంటే ఎక్కువమంది పేర్లు రాయొచ్చు. ఆ సమయం వచ్చినప్పుడు వైద్యం చేస్తున్న డాక్టరూ ఇంకో ఇద్దరు నిపుణులూ ఉన్న బోర్డు చూస్తుంది. జిల్లా వైద్యాధికారి పంపిన డాక్టరు ఉన్న రెండో బోర్డు మళ్ళీ చూస్తుంది. ఒక్కో బోర్డు 48 గంటల్లో తేలిస్తే మంచిదని కోర్టు చెప్పింది. రెండూ ఒప్పుకుంటే ఆసుపత్రి మెజిస్ట్రేటుకు తెలియజేసి ఆ పని చేస్తుంది. కాగితం లేకపోయినా కుటుంబం సమ్మతితో ఇదే పద్ధతి నడుస్తుంది. మా జిల్లా గతం తెలిసినవాడిగా ఈ రెండు బోర్డులూ ఉండాల్సిందే అంటాను. ఆలస్యమవుతుందని విసుక్కునేవాళ్ళు తలైకూత్తల్‌లో ఎంతమందిని అడిగారో ఒక్కసారి ఆలోచించాలి.

జనానికి ఈ పద్ధతి తెలియక ఏం జరుగుతోంది? "మా పూచీ మీద తీసుకెళ్తున్నాం" అని సంతకం పెట్టి, అంబులెన్సులో ఆక్సిజన్ సంచి నొక్కుకుంటూ ఇంటికి తెస్తారు. గడప దాటాక గొట్టం తీస్తారు. ఆ తర్వాత నొప్పికి మందు లేదు, ఆయాసానికి మందు లేదు, పక్కన నర్సు లేదు. గొట్టం తీసినప్పుడు పక్కనున్న కొడుకు 'నా చేతులతో చేశాను' అని ఏళ్ళ తరబడి నిద్రపోడు. వైద్యం ఆపుతున్నామంటే చూసుకోవడం ఆపుతున్నామని కాదు. అప్పుడే ఎక్కువ చూసుకోవాలి. ఇంటికి తెచ్చేముందు, నొప్పీ ఆయాసమూ తగ్గించి ఊరటనిచ్చే పాలియేటివ్ కేర్ డాక్టరును కలవనివ్వమని పట్టుబట్టండి. నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ నొప్పినీ ఆయాసాన్నీ తగ్గిస్తుంది. కొలతగా ఇస్తే అది చంపే మందు కాదు. తమిళనాడులో 2021 ఆగస్టులో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకం కింద మంచాన పడ్డవాళ్ళకు ఇంటికే వచ్చి పాలియేటివ్ సేవ చేస్తారు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. హైదరాబాదు వాళ్ళకు ఎంఎన్‌జె క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. స్పర్శ్ హాస్పిస్ ఉంది. కేరళలో 1993లో కోళికోడ్‌లో కొద్దిమంది మొదలుపెట్టిన పని ఇవాళ ఊరూరా పాకింది. అక్కడ పక్కింటివాళ్ళే వంతులేసుకుని వెళ్ళి రోగి దగ్గర కూర్చుంటారు. మా చోళపురంలో చావింటికి ఊరంతా కదులుతుంది. ఆ కదలిక నెలరోజుల ముందు మొదలైతే, వంతుకు ఒకరు పెదాలు తడిపి, వీపు తుడిచి, పక్క మార్చి వెళ్తే, ఏ ఇల్లూ అలసిపోయి తప్పుడు ఆలోచనలోకి జారదు.

పెళ్ళికి వంటలు నెలముందే రాసిపెట్టుకునే మనం ఈ ఒక్క కాగితం దగ్గర ఎందుకు జంకుతాం? ఈ ఆదివారం అందరూ ఇంట్లో ఉన్నప్పుడు ముందు మీది రాయండి. మీకు నలభై ఏళ్ళే అయినా సరే. రోడ్డు ప్రమాదం వయసు అడగదు. మీరు రాశాక అమ్మానాన్నలను అడగడం సగం తేలికవుతుంది. 'కోలుకోలేనని డాక్టర్లు తేల్చి, నేను మాట్లాడలేని స్థితిలో ఉంటే' అని మొదలుపెట్టి, ఏవి వద్దో, ఏవి తప్పక కావాలో మీ మాటల్లో రాయండి. అస్పష్టంగా రాస్తే చెల్లదు. సంతకాలయ్యాక ఒక కాపీ మీ తరపున మాట్లాడేవారికి, ఒకటి ఇంటి డాక్టరుకు, ఒకటి మునిసిపాలిటీకో పంచాయతీకో ఇవ్వండి. బీరువాలో పెట్టి తాళం వేస్తే అర్ధరాత్రి అంబులెన్సు వచ్చినప్పుడు ఎవరికీ దొరకదు. ఆ రోజే అన్నదమ్ములందరికీ ఫోన్ చేసి, ఎవరి పేరు రాశారో, ఎందుకు రాశారో చెప్పండి. తర్వాత తెలిస్తే తగాదా.

మనసు మారితే? మారొచ్చు. జబ్బు వచ్చాక మనిషికి బతుకు మీద ఆశ పెరగడం చాలా మామూలు. డెబ్బై ఏళ్ళప్పుడు వద్దన్నది ఎనభైలో కావాలనిపించవచ్చు. తెలివిలో ఉన్నంతకాలం ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఏటా పుట్టినరోజుకో సంక్రాంతికో ఒకసారి తీసి చదువుకోండి. మార్చినప్పుడు పాత కాపీలన్నీ వెనక్కి తీసుకుని చింపేసి, కొత్తది పంచండి.